పది పరీక్ష రాయకముందే ఇంటర్ సీటు బేరం: విద్యాశాఖ అధికారులకు ఒక లెక్కల టీచర్ బహిరంగ లేఖ

తెలంగాణ విద్యాశాఖ ఉన్నతాధికారులకు, ఇంటర్మీడియట్ విద్య చూసే అధికారులకు,

విషయం: ప్రైవేటు జూనియర్ కాలేజీల్లో ఫస్టియర్ అడ్మిషన్లు, ముందస్తు వసూళ్లు, సర్టిఫికెట్లు ఆపడం, ఫీజు వాపసు ఇవ్వకపోవడం గురించి.

నమస్కారం. నేను ఉమ్మడి నల్గొండ జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచర్ని. పదో తరగతికి చెప్తాను. గత ఏడాది మా మండలంలో కొందరు తల్లిదండ్రులు, టీచర్లం కలిసి ఈ అడ్మిషన్ల మీద రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాం. రసీదులు, కాలేజీల తరఫున పిల్లల్ని చేర్పించే పీఆర్వోలు పంపిన వాట్సాప్ మెసేజ్‌ల కాపీలు జతచేశాం. తీసుకున్నట్టు ముద్ర కొట్టి ఇచ్చారు. తర్వాత వెళ్లి అడిగితే "పైకి పంపాం" అన్నారు. పైన అడిగితే "కింది నుంచి రిపోర్టు రావాలి" అన్నారు. మళ్లీ అడ్మిషన్ల సీజన్ వచ్చేసింది, రిపోర్టు మాత్రం రాలేదు. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను.

మీరు చేసిన ఒక మంచి పని ముందే చెప్పాలి. ఫీజు బాకీ ఉందని కాలేజీలు హాల్ టికెట్ ఆపుతుంటే, వెబ్‌సైట్ నుంచి దించుకున్న హాల్ టికెట్‌తో ప్రిన్సిపాల్ సంతకం లేకపోయినా పరీక్షకు రానిస్తున్నారు. ఎంతమంది పిల్లలు ఆ ఒక్క నిర్ణయంతో గట్టెక్కారో మాకు తెలుసు. తలుచుకుంటే ఇంటర్ బోర్డు చేయగలదని చెప్పడానికే ఇది గుర్తుచేస్తున్నాను.

ఇక విషయానికి వస్తాను. 2025లో పదో తరగతి పరీక్షలు మార్చి 21న మొదలై ఏప్రిల్ 4న అయిపోయాయి. ఫలితాలు ఏప్రిల్ 30న వచ్చాయి. ఇంటర్ తరగతులు జూన్ 2న మొదలయ్యాయి. అంటే మీ కాగితాల ప్రకారం ఫస్టియర్ అడ్మిషన్ మే నెలలో జరగాల్సిన పని. పదో తరగతి మార్కులే ఆధారంగా చేర్చుకోవాలి, ఎంట్రన్స్ టెస్టులు పెట్టకూడదు, రిజర్వేషన్లు పాటించాలి, సెక్షన్‌కు 88 మందికి మించకూడదు, ఈ మాటలన్నీ ప్రవేశాల నోటిఫికేషన్‌లో ప్రతి ఏడాదీ ఉంటాయి.

మా ఊళ్లలో జరిగేది వేరు. దసరా సెలవులు అయ్యేసరికే పదో తరగతి పిల్లల ఇంటి ఫోన్ నంబర్లు పీఆర్వోల దగ్గర ఉంటాయి. ఎలా వెళ్తాయో అందరికీ తెలిసిందే. "స్కాలర్‌షిప్ టెస్ట్" అని ఒక ఆదివారం పరీక్ష పెడతారు, ఫారంలో తండ్రి పేరు, ఫోన్ నంబరు, వృత్తి రాయించుకుంటారు. కొన్ని ప్రైవేటు స్కూళ్ల నుంచి లిస్టులకు లిస్టులే పోతాయి. చేర్పించిన ఒక్కో పిల్లవాడికి ఇంత అని టీచర్లకూ ఆశ చూపిస్తారు. (పీఆర్వోలు తెచ్చే స్వీటు డబ్బాలు తిప్పి పంపడం మా హెడ్మాస్టర్ గారికి ఏటా ఉన్న డ్యూటీ.)

టెస్ట్ అయిన నాలుగో రోజు ఫోన్ వస్తుంది. "కంగ్రాట్స్ సార్, మీ బాబుకు నలభై శాతం స్కాలర్‌షిప్ వచ్చింది. మా ఫీజు మూడు లక్షలు, మీకు లక్షా ఎనభై. ఆదివారం లోపు పదివేలు కట్టి సీటు బ్లాక్ చేసుకోండి, సోమవారం నుంచి ఈ ఆఫర్ ఉండదు." ఆ మూడు లక్షలు ఎక్కడ రాసి ఉన్నాయి? బ్రోచర్‌లో ఉండవు. నోటీసు బోర్డు మీద ఉండవు. మూడు లక్షలు కట్టిన తండ్రి ఎవరైనా ఉన్నాడా అంటే పీఆర్వో నవ్వేస్తాడు. అసలు ధరే లేనిదానికి నలభై శాతం తగ్గింపు ఇచ్చారన్నమాట. సంతలో గేదెను కొన్నా ఒక పూట పాలు పితికి చూపించాకే బేరం మాట్లాడతారు. ఇక్కడ పిల్లవాడు ఏ బిల్డింగులో కూర్చుంటాడో, ఎవరు పాఠం చెప్తారో, ఆ బిల్డింగుకు అనుమతి ఉందో లేదో తెలియకముందే డబ్బు చేతులు మారుతుంది.

ఇందులో సామాన్య కుటుంబాల మీద పడే బరువు ఏమిటో ఒక్కొక్కటిగా చెప్తాను.

1. అప్పు.

మా వైపు పత్తి అమ్మిన డబ్బు రైతు చేతికి వచ్చేది నవంబర్ నుంచి జనవరి మధ్యలో. పీఆర్వోలు ఊళ్లలో తిరిగేదీ సరిగ్గా అప్పుడే. ఇది కాకతాళీయం అని నేను అనుకోను. ఆ డబ్బులోంచి విత్తనాల బాకీ, ట్రాక్టర్ కిరాయి, కూలీలు పోగా మిగిలింది అడ్వాన్సుగా వెళ్తుంది. మార్చిలోపు రెండో విడత అంటారు, అప్పటికి చేతిలో ఏమీ ఉండదు. నూటికి రెండు రూపాయలో మూడు రూపాయలో వడ్డీకి తెస్తారు, లేదా ఆడవాళ్ల మెడలోది బ్యాంకుకు చేరుతుంది. హాస్టల్‌తో కలిపి లక్షన్నర నుంచి మూడు లక్షల దాకా చెప్పే చోట్లకు, ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఆశపెట్టుకుని వెళ్లేవాళ్లూ ఉన్నారు. ఇంటర్‌కు ప్రభుత్వం ఇచ్చేది ఆ ఫీజులో ఏ మూలకూ సరిపోదని చేరిన తర్వాత గానీ తెలియదు.

మే నెలలో మార్కులు వచ్చాక ఇంట్లో కూర్చుని నిదానంగా ఆలోచించే అవకాశమే ఈ కుటుంబాలకు లేకుండా పోయింది. పక్క మండలంలో ప్రభుత్వ జూనియర్ కాలేజీ ఉంది, ట్యూషన్ ఫీజు లేదు, పీజీ చదివిన లెక్చరర్లు ఉన్నారు. కానీ ప్రభుత్వ కాలేజీకి పీఆర్వో లేడు. ఆ లెక్చరర్లు ఊళ్లోకి వచ్చేసరికి పిల్లల సీట్లన్నీ బ్లాక్ అయిపోయి ఉంటాయి.

2. టీసీ, మెమో.

అన్నిటికంటే ఎక్కువ కన్నీళ్లు పెట్టిస్తున్నది ఇదే. పదో తరగతి తర్వాత పిల్లలకున్న దారులన్నీ ఒకే రోజు తెరుచుకోవు. పాలిటెక్నిక్ సీట్ల కోసం రాసే పాలిసెట్ ఫలితాలు ఒకసారి, కౌన్సెలింగ్ ఇంకోసారి. గురుకుల జూనియర్ కాలేజీల లిస్టు మరోసారి. బాసర ఆర్జీయూకేటీలో పదో తరగతి మార్కుల మీదే ఆరేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సులో సీటిస్తారు, పేదింటి పిల్లలకు అది పెద్ద వరం. ఆ సెలక్షన్ లిస్టు బయటికొచ్చేసరికి జూన్ దాటుతుంది. అప్పటికి పిల్లలు ప్రైవేటు కాలేజీలో చేరి నెలరోజులు అయి ఉంటుంది. ఒరిజినల్ మెమో, టీసీ, కుల ధ్రువీకరణ పత్రం అన్నీ ఆ కాలేజీ బీరువాలో ఉంటాయి.

మా స్కూల్లో చదివిన ఒక అమ్మాయికి సరిగ్గా ఇదే జరిగింది. ప్రభుత్వ సంస్థలో సీటు వచ్చిందని మెసేజ్ వచ్చింది. సర్టిఫికెట్ల వెరిఫికేషన్‌కు రెండు రోజులే గడువు. వాళ్ల నాన్న కూలి పని మానుకుని, పట్నంలో ఉన్న ఆ ప్రైవేటు కాలేజీకి వెళ్లాడు. ప్రిన్సిపాల్ లేరన్నారు. అకౌంట్స్ సెక్షన్లో అడగమన్నారు. అకౌంట్స్ వాళ్లు "ఏడాది ఫీజు మొత్తం కట్టేసి తీసుకెళ్లండి, మీ వల్ల మాకో సీటు ఖాళీ అవుతుంది కదా" అన్నారు. అప్పటికే కట్టిన ముప్పై వేలు వదులుకుంటానని బతిమాలినా వినలేదు. నేను ఫోన్ చేసి మాట్లాడాను, "మీరు ఆ అమ్మాయికి ఏమవుతారు?" అని అడిగారు. లెక్కలు చెప్పానని అన్నాను. ఫోన్ పెట్టేశారు. గడువు అయిపోయింది. ఆ అమ్మాయి అదే కాలేజీలో ఇంటర్ చదువుతోంది, వాళ్ల నాన్న ఇంకా విడతలు కడుతున్నాడు. కాలేజీ పేరు ఇక్కడ రాయడం లేదు. మీకిచ్చిన ఫిర్యాదులో ఉంది.

ఆమె ఒక్కతే అయితే ఇంత ఉత్తరం రాసేవాణ్ని కాదు. ఏటా జూలైలో మా స్కూలుకు ఇలాంటి తల్లిదండ్రులు "సార్, డూప్లికేట్ మెమో వస్తుందా?" అని అడుగుతూ వస్తారు. ఒరిజినల్ పోలేదు. ఎక్కడుందో తెలుసు. అయినా డూప్లికేట్ అడగాల్సి వస్తోంది.

3. చేరేది ఒక కాలేజీలో, హాల్ టికెట్ మీద పేరు మరో కాలేజీది.

డబ్బు కట్టేటప్పుడు చూపించిన క్యాంపస్ ఒకటి, జూన్‌లో కూర్చోబెట్టేది ఇంకోటి. "అక్కడ నిండిపోయింది, ఇది కొత్త బ్రాంచ్" అంటారు. ఆ బ్రాంచ్‌కు అఫిలియేషన్ (బోర్డు గుర్తింపు) ఉందో లేదో తల్లిదండ్రులకు తెలిసేది ఫిబ్రవరిలో, హాల్ టికెట్ మీద తామెన్నడూ చూడని కాలేజీ పేరు కనిపించినప్పుడు. కింద షాపులు, పైన తరగతులు, ఆ పైన హాస్టల్, ఒకే మెట్ల దారి ఉన్న భవనాలు మా జిల్లా కేంద్రంలోనే ఉన్నాయి. 2020లో అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) లేని 68 కార్పొరేట్ జూనియర్ కాలేజీలను మూసేయాలని బోర్డే ఆదేశాలిచ్చింది, అదీ విషయం హైకోర్టు దాకా వెళ్లాక. ఆ 68 కాలేజీల్లో డబ్బు కట్టిన వాళ్లలో ఒక్కరికైనా చేరేముందు ఆ సంగతి తెలిసే వీలుందా? ఇప్పుడైనా ఉందా?

మీరు అఫిలియేషన్ ఇచ్చేది కాలేజీకి. పిల్లలు ఇరవై నాలుగు గంటలూ గడిపేది హాస్టల్‌లో. అక్కడి భోజనం, మరుగుదొడ్లు, రాత్రిపూట వార్డెన్ ఎవరు, ఇవి ఏ అధికారి చూస్తారో మాకు చెప్పినవాళ్లు లేరు.

4. తరగతి గది.

సెక్షన్‌కు 88 అన్నదే ఎక్కువ. లెక్కల టీచర్‌గా చెప్తున్నా, 88 మంది నోటుబుక్కులు ఎవరూ దిద్దలేరు. అదీ దాటిపోతోంది. మంజూరైన సెక్షన్లు ఎన్ని, ఇప్పటికి ఎన్ని సీట్లు నిండాయి అన్నది గేటు దగ్గర రాసి పెట్టాలని మీ నోటిఫికేషన్ చెప్తుంది. నేను చూసిన గేట్ల మీద ర్యాంకర్ల ఫొటోలున్నాయి, ఈ అంకెలు లేవు.

ఇంకోటి. చేర్చుకునేటప్పుడు అందరికీ ఐఐటీ బ్యాచే అంటారు. ఆగస్టులో ఒక టెస్ట్ పెట్టి పిల్లల్ని విడగొడతారు. పై బ్యాచ్‌కు మంచి లెక్చరర్లు, కింది బ్యాచ్‌కు అదే ఫీజుకు నిన్నమొన్న బీటెక్ అయిన కుర్రాళ్లు. కింది బ్యాచ్‌లో పడిన పిల్లవాడు ఇంటికి ఫోన్ చేసి ఆ మాట చెప్పలేడు, నాన్న ఎంత అప్పు చేశాడో వాడికి తెలుసు. 2025 జూలై 25న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మీరు చదివే ఉంటారు. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన విద్యార్థిని తండ్రి వేసిన కేసు అది. మార్కులను బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడగొట్టడం, అందరి ముందు అవమానించడం మానాలని, వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థల్లో అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలని కోర్టు చెప్పింది. మన పిల్లలు ఎక్కువగా వెళ్లే కాలేజీలకూ వర్తించేదే అది. మన జిల్లాల్లో ఎన్ని కాలేజీలకు కౌన్సెలర్ ఉన్నారో ఒక్క లిస్టు వేయండి, చూద్దాం.

5. వాపసు.

ఇంజినీరింగ్ కాలేజీలో చేరిన పిల్లవాడు క్లాసులు మొదలవకముందే సీటు వద్దనుకుంటే, వెయ్యి రూపాయలకు మించకుండా పట్టుకుని మిగతా ఫీజంతా తిరిగి ఇవ్వాలని సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ నిబంధన ఉంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోకూడదని కూడా ఉంది. డిగ్రీ, పీజీలకు యూనివర్సిటీలను చూసే యూజీసీ 2018లోనే ఎన్ని రోజుల్లో మానేస్తే ఎంత శాతం వాపసు ఇవ్వాలో లెక్కకట్టి నోటిఫికేషన్ ఇచ్చింది. కోచింగ్ సెంటర్లకు కేంద్రం 2024 జనవరిలో మార్గదర్శకాలు పంపింది. 16 ఏళ్లలోపు పిల్లల్ని చేర్చుకోకూడదు, మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి తగ్గ డబ్బు పది రోజుల్లో తిరిగి ఇవ్వాలి, ర్యాంకు గ్యారంటీ అని చెప్పకూడదు అని అందులో ఉంది.

పద్దెనిమిదేళ్ల వాడికి ఏఐసీటీఈ ఉంది, ఇరవై ఒకటేళ్ల వాడికి యూజీసీ ఉంది. పదిహేనేళ్ల పిల్లకు ఎవరున్నారు? ఇంటర్‌లో చేరి మానేస్తే ఎన్ని రోజుల్లో ఎంత వెనక్కి రావాలో తల్లిదండ్రులు చదువుకోగలిగే ఒక్క కాగితం మాకు దొరకలేదు. ఈ కాలేజీల తెలివి ఏమిటంటే, ఫీజు అడిగేటప్పుడు "మాది ఐఐటీ, నీట్ కోచింగ్ సార్, అందుకే ఇంత" అంటారు. కోచింగ్ సెంటర్ల నిబంధన చూపిస్తే "మాది బోర్డు గుర్తింపు ఉన్న కాలేజీ, అది మాకు వర్తించదు" అంటారు. రెండిట్లో ఏదో ఒకటి మీరైనా తేల్చాలి.

ఇవన్నీ మీకు తెలియనివి కావు. ముందస్తు అడ్మిషన్లు చేస్తే చర్యలు తీసుకుంటామని దాదాపు ప్రతి ఏడాదీ పేపర్లో మీ ప్రకటన వస్తుంది. ఆ ప్రకటన వచ్చిన రోజు పీఆర్వోల వాట్సాప్ స్టేటస్‌లు కూడా నేను చూస్తుంటాను. వాళ్లలో టెన్షన్ పడినట్టు ఎవరూ కనిపించలేదు.

మా డిమాండ్లు ఇవి.

ఒకటి. ప్రతి ప్రైవేటు జూనియర్ కాలేజీ తన ఫీజును విడివిడిగా, ట్యూషన్‌కు ఇంత, హాస్టల్‌కు ఇంత, మెటీరియల్‌కు ఇంత, కోచింగ్‌కు ఇంత అని బోర్డు వెబ్‌సైట్‌లో పెట్టాలి. పెట్టనిదానికి వసూలు చేయకూడదు. ఫీజు ఎంత ఉండాలో మీరు నిర్ణయించమని నేను అడగడం లేదని గమనించండి. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఆగస్టులో అలా ప్రయత్నించారు. కార్పొరేషన్ల పరిధిలో ఎంపీసీ, బైపీసీకి ఏడాదికి 20 వేలు అని జీవో ఇచ్చారు, ఆ డిసెంబర్‌లోనే హైకోర్టు కొట్టేసింది. ఆ పాఠం మీకూ తెలుసు, నాకూ తెలుసు. వాళ్ల ధర వాళ్లే నిర్ణయించుకోనివ్వండి. కానీ అందరికీ కనిపించేలా రాయించండి. దీన్ని ఏ కోర్టులో, ఏమని సవాలు చేస్తారు?

రెండు. పదో తరగతి ఫలితాలకు ముందు ఏ పేరుతో డబ్బు తీసుకున్నా, అడ్వాన్స్ అనండి, సీటు బ్లాకింగ్ అనండి, టెస్ట్ ఫీజు అనండి, అడిగిన వెంటనే పూర్తిగా తిరిగి ఇవ్వాలని ఉత్తర్వులివ్వండి. ముందస్తు అడ్మిషన్లు చేయొద్దని హెచ్చరించడం కంటే ఇది బాగా పనిచేస్తుంది. తిరిగి ఇవ్వాల్సిన డబ్బుకోసం ఎవరూ పీఆర్వోలకు జీతాలిచ్చి ఊళ్ల మీదికి పంపరు.

మూడు. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసి, జిరాక్సులు తీసుకుని, ఒరిజినల్స్ అదే రోజు వెనక్కి ఇవ్వాలి. టీసీ అడిగిన మూడు పనిదినాల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే జిల్లా ఇంటర్మీడియట్ విద్యాధికారి తన సంతకంతో ఇచ్చే ఏర్పాటు ఉండాలి. హాల్ టికెట్ విషయంలో ప్రిన్సిపాల్ సంతకం అక్కర్లేదన్నారు కదా, టీసీ విషయంలో ఎందుకు కుదరదు? పాలిటెక్నిక్, గురుకులం, బాసర లాంటి ప్రభుత్వ సీటు వచ్చిన పిల్లలకైతే ఒక్కరోజు కూడా ఆపకూడదు, ఒక్క రూపాయి కూడా అడగకూడదు.

నాలుగు. యూజీసీ పద్ధతిలో ఇంటర్‌కూ వాపసు పట్టిక ప్రకటించండి. క్లాసులు మొదలవకముందు మానేస్తే ఎంత, నెలలోపు ఎంత, హాస్టల్ డబ్బు ఎంత, ఇవన్నీ అడ్మిషన్ ఫారం వెనకాల తెలుగులో అచ్చువేయించాలి. తండ్రి సంతకం ఆ పట్టిక కిందే పెట్టించుకోవాలి.

ఐదు. ప్రతి అఫిలియేటెడ్ కాలేజీ చిరునామా, మంజూరైన సెక్షన్లు, నిండిన సీట్లు, ఫైర్ ఎన్‌ఓసీ గడువు, హాస్టల్ ఉంటే దాన్ని చివరిసారి తనిఖీ చేసిన తేదీ, ఇవి ఫోన్లో చూసుకునేలా పెట్టండి. డిగ్రీకి 2016 నుంచి దోస్త్ అనే ఆన్‌లైన్ అడ్మిషన్ల పద్ధతి నడుపుతున్నాం, ప్రైవేటు కాలేజీలు కూడా అందులోనే సీట్లు నింపుతున్నాయి. ఇంటర్ అడ్మిషన్లనే పూర్తిగా ఆన్‌లైన్ చేయాలంటే కోర్టు చిక్కులున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో మొదలుపెట్టిన ప్రయత్నం హైకోర్టులో నిలవలేదు. సరే, అడ్మిషన్ వాళ్ల దగ్గరే జరగనివ్వండి, వివరాలైనా మీ దగ్గర ఉంచండి. రూములు కొలిచేది మీరే, అఫిలియేషన్ ఫీజు తీసుకునేది మీరే, కాబట్టి ఈ సమాచారమంతా ఇప్పటికే మీ ఫైళ్లలో ఉంది.

ఆరు. ఫిర్యాదుకు ఒక నంబరు, దానికి ఒక గడువు. పదిహేను రోజుల్లో ఏం చేశారో ఫిర్యాదుదారుకు రాతపూర్వకంగా చెప్పాలి. తప్పు చేసిన కాలేజీ మీద వేసిన జరిమానా, తీసుకున్న చర్య బయటపెట్టాలి. గత ఏడాది మేమిచ్చిన ఫిర్యాదుతోనే మొదలుపెట్టినా మాకేం అభ్యంతరం లేదు.

కాలేజీల యాజమాన్యాలు కూడా ఇది చదువుతాయని తెలుసు. మీలో చాలామంది ఒకప్పుడు ట్యూషన్ గదిలో సుద్దముక్కతో మొదలుపెట్టినవాళ్లే. మీ కాలేజీల్లో మంచి లెక్చరర్లున్నారు, మా పిల్లలకు మంచి ర్యాంకులూ వచ్చాయి, దాన్ని కాదనను. అంత నమ్మకం మీ చదువు మీద మీకుంటే, పదో తరగతి మార్కులొచ్చే దాకా ఆగడానికి భయమెందుకు? వెళ్లిపోతానన్న పిల్లవాడి మెమో బీరువాలో పెట్టి తాళం వేయాల్సిన అవసరం ఎందుకు?

తల్లిదండ్రులకు ఒక మాట. ప్రభుత్వం కదిలే లోపు మీ చేతిలో ఉన్నవి మీరు చేయండి. డబ్బు కట్టేముందు ఏ బిల్డింగులో క్లాసులో కాగితం మీద రాయించుకోండి. ఆ చిరునామాకు అఫిలియేషన్ ఉందేమో కనుక్కోండి. నగదు ఇవ్వకండి. రసీదు కాలేజీ పేరు మీద ఉందా, వేరే ట్రస్టు పేరు మీద ఉందా చూసుకోండి. "నాన్ రిఫండబుల్" అని చిన్న అక్షరాల్లో ఉంటే అక్కడే ఆగండి. మెమో మూడు నాలుగు జిరాక్సులు తీసి, అటెస్ట్ చేయించి ఇంట్లో పెట్టుకోండి. అటెస్టేషన్ కోసం మా స్కూలుకు వస్తే మా హెడ్మాస్టర్ గారు చేసి పెడతారు.

అధికారులకు చివరిగా. ఈ ఉత్తర్వులు మే నెలలో ఇస్తే లాభం లేదు, అప్పటికి డబ్బంతా కట్టేసి ఉంటారు. దసరా సెలవుల కన్నా ముందే సర్క్యులర్ రావాలి, ప్రతి హైస్కూల్ నోటీసు బోర్డు మీద తెలుగులో అంటించాలి, పదో తరగతి తల్లిదండ్రుల మీటింగులో చదివి వినిపించాలి. మా స్కూల్లో చదివి వినిపించే పని నేను చేస్తాను. సర్క్యులర్ రాకపోతే, మా దగ్గరున్న రసీదులు, మెసేజ్‌లతో తల్లిదండ్రులమంతా కలిసి జిల్లా కలెక్టర్ గారి ప్రజావాణికి వెళ్తాం. అక్కడా జవాబు రాకపోతే హైకోర్టులో పిల్ వేయడానికి ఒక లాయర్ గారితో మాట్లాడి ఉంచాం.

ఇట్లు,
ఒక జిల్లా పరిషత్ హైస్కూల్ గణిత ఉపాధ్యాయుడు,
మండలంలోని పదో తరగతి విద్యార్థుల తల్లిదండ్రుల తరఫున,
ఉమ్మడి నల్గొండ జిల్లా.

ప్రతులు: జిల్లా కలెక్టర్ గారికి, జిల్లా ఇంటర్మీడియట్ విద్యాధికారి గారికి, జిల్లా విద్యాశాఖాధికారి గారికి, రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు.
జతచేసినవి: గత ఏడాది ఫిర్యాదు నకలు, రసీదుల జిరాక్సులు, వాట్సాప్ మెసేజ్‌ల ప్రింట్లు.